బిల్లింగ్ మిషన్ ధర 55 వేలు, ఖర్చు మాత్రం 86 వేలు!

ప్రశ్న: సార్, తెనాలిలో మాది కిరాణా కొట్టు. రోజుకి 18–20 వేల అమ్మకం, జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు మొత్తం అమ్మకం మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతి) కడుతున్నాం. సాయంత్రం రద్దీలో చీటీ లెక్కలు తప్పుతున్నాయి, అరువు పద్దులు మర్చిపోతున్నాం. ఒక డీలర్ టచ్ స్క్రీన్ బిల్లింగ్ మిషన్ 55 వేలు, జీఎస్టీ అదనం, రెండో ఏడాది నుంచి ఏఎంసీ (మిషన్ మరమ్మతు, నిర్వహణకి ఏటా కట్టేది) 9 వేలు, దానికీ జీఎస్టీ అన్నాడు. ఈఎంఐ కూడా ఉందట. తీసుకోమంటారా?
– ఓ పాఠకుడు, తెనాలి

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు మూడేళ్ల లెక్క చూడండి. 55 వేలకి 18 శాతం జీఎస్టీ కలిపితే 64,900. ఏఎంసీ కూడా పన్నుతో 10,620, అది రెండేళ్లకి 21,240. మొత్తం 86,140 రూపాయలు, అంటే నెలకి దాదాపు 2,400. పేపర్ రోల్స్, కరెంటు పోతే ఆగకుండా యూపీఎస్ ఇంకా ఇందులో లేవు. మామూలు జీఎస్టీలో ఉన్నవాళ్లకి మిషన్ మీద కట్టిన పన్ను ఇన్‌పుట్ కింద వెనక్కి వస్తుంది కానీ కాంపోజిషన్‌లో ఉన్న మీకు రాదు, ఆ 9,900 మీ జేబులోంచే. ఈ మాట డీలర్లు ఎందుకో చెప్పరు!

ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంటే దానికే ఒక బార్‌కోడ్ స్కానర్, మూడంగుళాల థర్మల్ ప్రింటర్ తగిలించండి, సాధారణంగా ఈ రెండూ కలిపి ఆ టచ్ మిషన్ ధరలో మూడో వంతు కూడా కావు. సాఫ్ట్‌వేర్ ఒక్క ఏడాదికే తీసుకోండి. కొనే ముందు మాత్రం కాంపోజిషన్ వాళ్లకి కావాల్సిన 'బిల్ ఆఫ్ సప్లై' వస్తుందా అని అడగండి, ఎందుకంటే మీ బిల్లులో పన్ను విడిగా చూపించి వసూలు చేయకూడదు. అరువు ఖాతా ఉండాలి, ఐటమ్స్ జాబితా ఎక్సెల్‌లోకి దింపుకునే వీలుండాలి. అది లేకపోతే రేపు సాఫ్ట్‌వేర్ మార్చాలనుకున్నా ఆ కంపెనీకే కట్టుబడి ఉండాల్సి వస్తుంది.

అసలు కష్టం ఐటమ్స్ ఎక్కించడంలో ఉంది, దీన్ని ఎవరూ బడ్జెట్‌లో రాయరు. సబ్బులు, బిస్కెట్లకి ప్యాకెట్ మీదే బార్‌కోడ్ ఉంటుంది, ఒకసారి పేరూ ధరా కొడితే చాలు. కందిపప్పు, బెల్లం, చింతపండు లాంటి లూజు సరుక్కి మీరే చిన్న కోడ్‌లు పెట్టుకుని, కాటా వేశాక బరువు కొట్టాలి. కొత్త ధర వచ్చిన ప్రతిసారీ మార్చాలి కూడా, లేదంటే మిషన్ పాత రేటుకే అమ్మేస్తుంది, చీటీ లెక్కే నయం అనిపిస్తుంది. ఈ పని ఎవరు చేస్తారో ముందే తేల్చుకోండి. కుర్రాడికి అప్పగిస్తే వాడికి నెలకి కాస్త ఎక్కువ ఇవ్వండి, అదీ ఖర్చే. ఎక్కువగా అమ్ముడయ్యే రెండొందల ఐటమ్స్‌తో మొదలుపెట్టండి, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

కార్డు స్వైప్ మిషన్ కూడా అంటగడితే వద్దనండి. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా చేసే యూపీఐ చెల్లింపులకి దుకాణదారు దగ్గర 2020 జనవరి నుంచి ఎండీఆర్ (ప్రతి చెల్లింపు మీదా దుకాణదారు కట్టే కమీషన్) తీసుకోవడం లేదు. మీ కొట్టుకి క్రెడిట్ కార్డు పట్టుకొచ్చేవాళ్లు ఎంతమంది? వాళ్ల కోసం నెలనెలా అద్దె, ప్రతి బిల్లు మీదా కమీషన్ దండగ.

ఈఎంఐ అయితే 'నో కాస్ట్' అన్నా సరే, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ఒకేసారి కడితే ధర ఎంత తగ్గిస్తాడో కాగితం మీద రాయించుకోండి. ఆరు నెలలు లాప్‌టాప్‌తో నడిపాక, సాయంత్రం రద్దీకి అది చాలట్లేదనిపిస్తే అప్పుడు టచ్ మిషన్ గురించి ఆలోచించొచ్చు.