బాఖ్ ఐదో ఫ్రెంచ్ సూట్ హార్ప్‌సికార్డ్ మీద టైపు మిషన్‌లా ఎందుకు వినిపిస్తుంది?

పియానో మీద బాగానే ఉన్న బాఖ్ ఐదో ఫ్రెంచ్ సూట్ (జి మేజర్‌లో రాసిన నాట్యాల వరస) హార్ప్‌సికార్డ్ (పియానో కంటే పాతది, తీగలు మీటే కీబోర్డు వాద్యం) మీద టకటకమని టైపు మిషన్‌లా వస్తోందనీ, ఇవి డాన్సులే అయితే ఆ డాన్సు ఎక్కడుందనీ మీరు అడిగారు. సరిగ్గా ఇదే బాధ నేనూ పడ్డాను.

చిన్నప్పుడు కాకినాడలో నాలుగేళ్ళు వీణ, తర్వాత పియానో. ఉద్యోగానికి బెర్లిన్ వచ్చాక రెండేళ్ళుగా హార్ప్‌సికార్డ్ నేర్చుకుంటున్నాను. మొదటి పాఠంలో గావోత్ (ఈ సూట్‌లో ఒక నాట్యం) వాయిస్తూ, తాళం దెబ్బ పడేచోట అలవాటుగా మెట్టు (కీ) గట్టిగా కొట్టాను. తీగ శబ్దం పెరగలేదు, చెక్క మాత్రం టక్కుమంది. టీచర్ నవ్వి, మూత తీసి లోపల చూపించారు. మెట్టు నొక్కితే వెనక నిలబెట్టిన సన్నటి చెక్కముక్క పైకి లేస్తుంది, దానికున్న కొస తీగను మీటుతుంది. ఆ కొస పూర్వం పక్షి ఈక, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్. మెల్లగా నొక్కినా బలంగా నొక్కినా మోత దాదాపు ఒకటే. వీణ పట్టిన చేతికి ఇది భలే చిరాకు: మీటడం ఉంది గానీ మీటులో బలం మన చేతిలో లేదు, గమకం ఊసే లేదు.

మరి దెబ్బ ఎలా తెలుస్తుంది? దాని ముందున్న స్వరాన్ని కాస్త తొందరగా వదిలేయాలి. ఆ వెంట్రుకవాసి ఖాళీ తర్వాత వచ్చే స్వరం దానంతటదే బరువుగా వినిపిస్తుంది. ఇది చేతికి రావడానికి నాకు మూడు నెలలు పట్టింది.

ఇక డాన్సు. దీన్ని బాఖ్ ఎవరో ఆడటానికి రాయలేదు. 1721 డిసెంబరులో అన్నా మగ్దలేనాతో పెళ్ళయింది. 1722లో ఆమె కోసం మొదలుపెట్టిన నోటుపుస్తకంలో ఫ్రెంచ్ సూట్లలో మొదటి ఐదింటి తొలి రూపాలున్నాయి. అంటే ఇంట్లో వాయించుకునే సంగీతం. (‘ఫ్రెంచ్’ అన్న పేరు కూడా ఆయన పెట్టింది కాదు.) అయినా ఏడు భాగాల్లోనూ ఒక్కో నాట్యం నడక మిగిలే ఉంది. గావోత్ రెండు క్రోచెట్లు (పావు నిడివి స్వరాలు) ముందుగా, బార్ (మన ఆవర్తం లాంటిది) మధ్యలో ఎత్తుకుంటుంది. మన అతీత ఎడుపు (తాళం కంటే ముందే పాట ఎత్తుకోవడం) లాంటిదే. నేను ఆ రెంటినే దెబ్బ అనుకుని వాయించేవాణ్ణి, పాటంతా తిరగబడేది. టీచర్ నన్ను లేపి గదిలో నడిపించారు: ఆ రెంటికీ కాలు ఎత్తాలి, బార్ మొదట్లో దించాలి. నలభై దగ్గరపడ్డ మనిషిని, సాక్సులతో చెక్కనేల మీద! సిగ్గేసింది గానీ ఆ సాయంత్రమే గావోత్ కుదిరింది.

మిగతా నాట్యాల్లో, బూరేకి ముందొచ్చేది ఒక్క క్రోచెట్టే. సరబాండ్‌లో మూడు దెబ్బల్లో రెండోదాని మీద బరువు. కూరాంత్‌ది ఫ్రెంచ్ పేరే, పరుగు ఇటాలియన్‌ది. ప్రతి భాగమూ రెండు ముక్కలు, ఒక్కో ముక్క రెండుసార్లు. రెండోసారి మనం సంగతులు వేసినట్టు చిన్న అలంకారాలు కలపొచ్చు. సరబాండ్‌లో మాత్రం చెయ్యి కట్టుకోండి, అందులో కావలసినన్ని బాఖే రాసి పెట్టాడు.

చివరి నాట్యం జీగ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. 12/16 తాళంలో మూడు గొంతులు (స్వరాల వరసలు) ఒకదాని వెనక ఒకటి అదే పాట అందుకుని పరిగెడతాయి. రెండో సగంలో ఆ పాటే ఎక్కినచోట దిగుతూ, దిగినచోట ఎక్కుతూ వస్తుంది. వినడానికి పండగే, వేళ్ళకి మాత్రం నరకం. ముందు గావోత్, తర్వాత బూరే పట్టండి.

హార్ప్‌సికార్డ్ రోజూ దొరకకపోతే డిజిటల్ కీబోర్డులో ఆ టోన్ పెట్టి, టచ్ సెన్సిటివిటీ (నొక్కిన బలాన్నిబట్టి మోత మారడం) ఆపేయండి. పెడల్ తీసి మంచం కింద పడేయండి. నేను ఇంట్లో సాధన చేసేది అలాగే.

లూర్ సంగతి అడగలేదు, బతికించారు. 6/4 తాళంలో నింపాదిగా కుంటుతూ నడవాల్సిన భాగం అది. ఏడాదైంది, నా చేతిలో ఇంకా నిద్రపోతూనే ఉంది.