ఆర్సీఎం వాళ్ళు (రోమన్ కాథలిక్కులు) పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోరా? పిల్లల్ని నరకం పేరుతో భయపెట్టి పెంచుతారా?

ఈ ప్రశ్న వెనక మూడు మాటలున్నాయి. కాథలిక్కులు గర్భం రాకుండా ఏదీ వాడరు, ఆడదాని ప్రాణం కంటే వాళ్ళకి చర్చి మాటే ఎక్కువ, పిల్లల్ని భయంతో పెంచుతారు, నిజమేనా అని. నేను పుట్టు ఆర్సీఎం. మా విచారణ (ఒక ఫాదర్ గారి కింద ఉండే చర్చి పరిధి) గుంటూరు జిల్లాలో, ఇప్పుడు ఉండేది హైదరాబాదులో. ఇద్దరు పిల్లలు. నాకు ఎదురైనవి చెప్తాను.

మా నాయనమ్మకి తొమ్మిది కాన్పులు, ఆరుగురు దక్కారు. పక్కింటి హిందువులావిడకీ అన్నే కాన్పులు, కానీ ఆవిణ్ణి "మీ మతంలో అంతేనా" అని ఎవరూ అడగలేదు. మా అమ్మ 1988లో నేను పుట్టిన కొన్ని నెలలకే పీహెచ్‌సీలో క్యాంపు పెడితే వెళ్ళి ఆపరేషన్ చేయించుకుంది. ఆ రోజు మా వీధి నుంచి వెళ్ళిన ఐదుగురిలో ముగ్గురు మా గుడివాళ్ళే. ఒకావిడ మెడలో ఉన్న కార్మెల్ మాత ఉత్తరీయం (మరియమాత పేరున భక్తితో వేసుకునే గుడ్డ దండ) తీసి అమ్మ చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిందట. అమ్మ కొన్నాళ్ళు పూజలో ఇచ్చే సత్ప్రసాదం తీసుకోలేదు. తర్వాత పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చెప్పుకుంది. ఫాదర్ గారు ఏమన్నారమ్మా అని ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు: "కుట్లు ఆరాయా అని అడిగారు."

ఇది మా ఇంటి ముచ్చటే అనుకుంటారేమో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు హిందువుల్లో 1.94, క్రైస్తవుల్లో 1.88. ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 1.7.

అలాగని తిరుసభ (కాథలిక్ చర్చి) బోధన లేదని కాదు, ఉంది. 1968 జూలైలో ఆరవ పౌలు పోపు 'హ్యుమానే వీటే' అనే లేఖ రాశారు. మాత్రలు, కండోములు, ఆపరేషన్ ఏదీ కూడదు, గర్భం నిలిచే రోజులు లెక్క చూసుకుని దూరంగా ఉండొచ్చు అన్నది దాని సారం. దీనికి ముందు సలహా కోసం వేసిన సంఘంలో ఎక్కువమంది నిబంధన సడలించవచ్చనే చెప్పారు, పోపు వినలేదు. అంటే ఈ గొడవ మాకూ బయటివాళ్ళకూ మధ్య కాదు, మొదట్నుంచీ మాలో మాకే. అదే లేఖలో 15వ పేరా ఒకటుంది, విమర్శించేవాళ్ళూ చదవరు, మావాళ్ళూ చదవరు. జబ్బు నయం చేయడానికి వాడే మందు వల్ల గర్భం రాకుండా పోయినా తప్పు లేదని అందులో స్పష్టంగా ఉంది.

ఆ పేరా విలువ నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు తెలిసింది. పీసీఓడీ, అండాశయాల సమస్య. నాలుగు నెలలు నెలసరి రాక, వస్తే ఇరవై రోజులు ఆగక నీరసించిపోయాను. చూసిన డాక్టరు ఒక సిస్టర్, అంటే మఠకన్య. గర్భం రాకుండా కూడా వాడే 21 మాత్రల షీటు రాసిచ్చారు. హాస్టల్లో నా రూమ్మేట్ ఆ షీటు చూసి "ఇవి ఆ మాత్రలే కదా, మీకు పాపం కదే" అంది. నాకూ గుండె గుభేలుమంది. రెండు రోజులు వేసుకోకుండా మళ్ళీ సిస్టర్ దగ్గరికే వెళ్ళాను. ఆవిడ నన్ను తిట్టింది పాపం గురించి కాదు, రెండు మాత్రలు మానేసినందుకు. చీటీ వెనక క్యాలెండర్ గీసి, ఏ రోజు మొదలుపెట్టాలో అక్కడ సున్నా చుట్టి ఇచ్చింది.

ఆడవాళ్ళ ఆరోగ్యం పట్టించుకోరు అన్న మాట గుంటూరులో పెరిగిన నాకు కాస్త వింతగానే ఉంటుంది. మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1920లో గుంటూరు వచ్చి జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) కన్యస్త్రీల మఠంలో చేరింది. మగ డాక్టర్లకు చూపించుకోలేక మన ఆడవాళ్ళు, పురిటి పిల్లలు చనిపోతున్నారని చదివి వచ్చిన మనిషి. మఠకన్యలు వైద్యం చేయకూడదని అప్పట్లో తిరుసభ నియమం! ఆవిడ పోపు దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకుని చేసింది. కన్యస్త్రీలు పురుళ్ళు పోయొచ్చని రోము ఒప్పుకున్నది 1936లో. అడ్డుపడ్డదీ కాథలిక్కులే, అడ్డు దాటిందీ కాథలిక్కే. "కాథలిక్కులు ఇంతే" అనేవాళ్ళు ఇందులో ఎవర్ని అంటున్నట్టు?

ఇప్పుడు నా కోపం కూడా చెప్పాలి, లేకపోతే వెనకేసుకొచ్చినట్టుంటుంది. 2018లో నా రెండో కాన్పు. మొదటిది సిజేరియన్, రెండోదీ అదేనని ముందే తెలుసు. పొట్ట ఎలాగూ కోస్తారు కదా, అప్పుడే ఆపరేషన్ కూడా చేసేయమని అడిగాను. అదొక కాథలిక్ ఆసుపత్రి, ఊరు పేరు చెప్పను. తొమ్మిదో నెల నిండుతుంటే అప్పుడు చెప్పారు, ఇక్కడ చేయరని. చేయకపోవడం వాళ్ళ నియమం, సరే. కానీ ఏడు నెలలు నా ఫైలు తిరగేస్తూ ఒక్కరూ నోరు విప్పలేదు. నాలుగు నెలల పసిగుడ్డును అమ్మకి అప్పగించి ఇంకో ఆసుపత్రిలో మళ్ళీ మత్తు, మళ్ళీ కుట్లు. ఆ విషయంలో ఇప్పటికీ క్షమించలేదు.

ప్రాణం మీదికొస్తే? ఈ మాట రాగానే అందరూ చెప్పేది సవితా హలప్పనవర్ పేరే. బెళగావి నుంచి ఐర్లాండు వెళ్ళిన దంత వైద్యురాలు. 2012 అక్టోబరులో, 17వ వారంలో గర్భం నిలవదని తెలిసినా, పిండం గుండె కొట్టుకుంటోందని తీయలేదు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ ఎక్కి చనిపోయింది. ఇది కాథలిక్ దేశం అని ఒక నర్సు ఆమెతో అన్న మాట ఆ చావుపై జరిగిన దర్యాప్తులో బయటపడింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కావాలని చేసే గర్భస్రావం కూడదనీ, తల్లికి అవసరమైన చికిత్స వల్ల బిడ్డ దక్కకపోతే అది వేరనీ మా బోధన. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడో డాక్టరు తేల్చుకునేలోపు గంటలు గడిచిపోతాయి. దీన్ని నేను సమర్థించలేను. అయితే ఐర్లాండులో గర్భస్రావం కూడదన్న ఆ చట్టాన్ని మార్చిందెవరు? 2018 మే నెల రెఫరెండంలో 66 శాతం మంది తీసేయమన్నారు. అప్పటి జనాభా లెక్కల్లో ఆ దేశంలో నూటికి 78 మంది కాథలిక్కులే.

పిల్లల సంగతి. 2021లో కేరళలో పాలా మేత్రాసనం (ఒక బిషప్పు కింది ప్రాంతం) అయిదుగురూ ఆపైన పిల్లలున్న ఇళ్ళకి నెలకు 1500 ఇస్తామంటే టీవీల్లో ఎంత ఎగతాళో. ఆంధ్రా ముఖ్యమంత్రి చంద్రబాబు గారు ఎక్కువమందిని కనండి అంటే మాత్రం అది జనాభా విధానం! (మంచి కాథలిక్కు కావాలంటే కుందేళ్ళలా కనక్కర్లేదని 2015లో ఫ్రాన్సిస్ పోపు గారే అన్నారు, అదెవరికీ గుర్తుండదు.)

భయపెట్టడం అంటారా, మా నాయనమ్మ భయపెట్టేది. అబద్ధమాడితే నరకంలో నాలుక మీద వాత పెడతారనేది. నేను నా పిల్లలకి ఆ మాట చెప్పను. మా అమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు మొదటి పాపసంకీర్తనానికి చీటీ రాసుకుంది: "తమ్ముడి పెన్సిల్ విరిచాను, 3 సార్లు. ఒకసారి కావాలనే." భయపడి రాసిన చీటీలా ఉందా అది?

"ఫాదర్ల దగ్గరికి పిల్లల్ని ఎలా పంపుతారు" అని ఆఫీసులో ఒకావిడ అడిగింది. నాకు కోపం రాలేదు. 2002లో అమెరికాలో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టినవి అబద్ధాలు కావు. పిల్లల్ని పాడుచేసిన ఫాదర్లని పీఠాధిపతులు (బిషప్పులు) ఒక విచారణ నుంచి ఇంకో విచారణకి మార్చేసి దాచారు. నేను ఒంటరిగా పంపను. ట్యూషన్ సారు దగ్గరికీ పంపను, కరాటే మాస్టారు దగ్గరికీ పంపను. 2012 పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ప్రకారం ఇలాంటి నేరం గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకి చెప్పాల్సిందే, బిషప్పులైనా సరే.

మీరు కాన్పు కోసం ఏదైనా కాథలిక్ ఆసుపత్రిలో పేరు రాయించుకుని ఉంటే, మూడో నెలలోనే అడగండి: "రెండో సిజేరియన్ అయితే పిల్లల ఆపరేషన్ కూడా చేస్తారా, చేయరా?" రిసెప్షన్లో కాదు, డాక్టర్నే అడిగి, ఆ జవాబు ఫైల్లో రాయించుకోండి.