పాత సర్వర్ వీఎంలో 7బి బ్లూ స్క్రీన్: సమాధానం

అన్నా, మిర్యాలగూడ మిల్లులోని విండోస్ 2008 ఆర్2 సర్వర్‌ను డిస్క్2వీహెచ్‌డీతో (డిస్క్‌ను ఇమేజ్ ఫైలుగా మార్చే టూల్) తీసి ప్రాక్స్‌మాక్స్‌కు (వీఎంలు, అంటే వర్చువల్ మెషీన్లు నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తే 7బి బ్లూ స్క్రీన్ (బూట్ డిస్క్ అందలేదన్న ఎర్రర్) వస్తోందన్నారు. ఇమేజ్‌ను అనుమానించకండి. ఆ విండోస్‌కు పాత రెయిడ్ కార్డు (డిస్కులను నడిపే కార్డు) డ్రైవరే తెలుసు, వీఎంలోని వర్చ్‌ఐఓ (వీఎంల కోసం చేసిన వేగమైన కనెక్షన్) డిస్క్ దానికి కనబడదు.

ముందు వీఎంలో డిస్క్‌ను ఐడీఈ (పాత రకం డిస్క్ కనెక్షన్) మీద పెట్టి బూట్ చేయండి. అప్పుడూ 7బీయే వస్తే, పాత సర్వర్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల భండారం) అటాపీ (atapi), ఇంటెలైడ్ (intelide), పీసీఐఐడీఈ (pciide) అనే ఐడీఈ డ్రైవర్ సర్వీసుల స్టార్ట్ విలువ 0 చేసి మళ్లీ ఇమేజ్ తీయాలి. ట్యాలీ, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్) ఆపాకే ఇమేజ్ తీయండి, ఇది మాత్రం మరవద్దు.

బూట్ అయ్యాక 1 జీబీ ఖాళీ డిస్క్‌ను వర్చ్‌ఐఓగా తగిలించి డ్రైవర్ వేయండి. ఈ పాత విండోస్‌కు కొత్త వర్చ్‌ఐఓ డ్రైవర్ ఐఎస్ఓ (సీడీ ఇమేజ్ ఫైలు) పనికిరాదు, 0.1.173 వెర్షన్ వాడండి. తర్వాత షట్‌డౌన్ చేసి అసలు డిస్క్‌నూ వర్చ్‌ఐఓకు మార్చండి. అప్పుడు ప్రాక్స్‌మాక్స్ బూట్ ఆర్డర్‌లోంచి అది ఎగిరిపోతుంది, అక్కడ మళ్లీ టిక్ పెట్టాలి.

పాత ఐపీ అడ్రస్ పెట్టబోతే అది వేరే అడాప్టర్‌కు (నెట్‌వర్క్ కార్డుకు) ఉందని విండోస్ అంటే, డివైస్ మేనేజర్‌లో దాగిన పాత నెట్‌వర్క్ కార్డును తీసేయండి. పాత సర్వర్‌నూ ఈ వీఎంనూ ఒకేసారి ఒకే నెట్‌వర్క్ స్విచ్‌పై నడపకండి.