641 దగ్గర కాసేపు ఆగు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందిందమ్మా. మద్దిలపాలెంలో బస్సెక్కి సింహాచలం చేరేలోపు రెండుసార్లు చదివాను. 4294967297 గురించి రాయాలనుకోవడమే నాకు సంతోషం. అయితే మొదటి పేజీలోనే దాన్ని నాలుగుసార్లు ‘అద్భుతం’ అన్నావు. ముందు ఆ సంఖ్యని నోరారా చదవనివ్వు: 429 కోట్ల 49 లక్షల 67 వేల 297.

ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా సంగతి మరీ తొందరగా తేల్చేశావు. 3, 5, 17, 257, 65537. ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని దానితోనే గుణించి, మళ్లీ ఒకటి కలిపితే తర్వాతది వస్తుంది. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫెర్మా నమ్మాడు, నిరూపణ మాత్రం తన దగ్గర లేదని ఒప్పుకున్నాడు. ఐదు చూశాక ఆరోదాన్ని, అంటే మన 4294967297ని, ఎవరైనా నమ్ముతారు. నీ పాఠకుణ్ణీ నమ్మనివ్వు. మొదటి పేరాలోనే ‘ఆయన పొరబడ్డాడు’ అనేస్తే వాడికి వెతుక్కోవడానికి ఏం మిగిలింది?

ఈ విషయంలో నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్తాను. చిన్నతనంలో ఒక పిల్లల పత్రికకి రాస్తూ, ఏదో పుస్తకంలో చూసి, ఈ ఆరోది కూడా ప్రధాన సంఖ్యేనని రాసేశాను. నెల తిరక్కుండా చోడవరం నుంచి ఒక లెక్కల మాస్టారు కార్డు రాశారు. అందులో ఒకే ఒక్క లెక్క: 641 × 6700417. కూర్చుని గుణించాను. చివరి అంకె దాకా సరిపోయింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పట్నుంచి నా చేత్తో వేసి చూడని లెక్కని అచ్చుకి పంపలేదు.

1732లో గణితవేత్త ఆయిలర్ కనిపెట్టింది ఆ 641నే. నువ్వు ‘ఎంతో శ్రమించి’ అని రాశావు. నిజానికి దారి అంత పొడవు కాదు. 4294967297ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. ఈ నియమాన్ని నిరూపించిందీ ఆయిలరే. ఆ లెక్కన చూడాల్సినవి 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో ప్రయత్నానికే దొరికిపోతుంది! నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, నువ్వేమో దీన్ని వదిలేశావు.

దీనికంటే అందమైనది ఇంకొకటుంది. 640ని నాలుగుసార్లు వేసి గుణిస్తే, 641తో భాగించినప్పుడు 1 మిగులుతుంది. 640 అంటే 5, 128ల లబ్ధం. కాబట్టి ఆ గుణకారంలో ఒక 625, ఇరవై ఎనిమిది 2లు ఉంటాయి. 625 అంటే 641కి 16 తక్కువ. ఆ 16లో ఇంకో నాలుగు 2లు. మొత్తం ముప్పై రెండు! మన 4294967297 అంటే ముప్పై రెండు 2ల లబ్ధానికి ఒకటి కలిపినదే కదా. ‘తక్కువ’ కాబట్టి గుర్తు మారుతుంది, ఆ 2ల లబ్ధానికి శేషం 1 కాస్తా −1 అవుతుంది, ఒకటి కలపగానే సున్నా. భాగహారమే చెయ్యకుండా తేలిపోయింది. ఇక్కడ ఒక్క విశేషణం కూడా వాడకు. పాఠకుడు కాగితం, పెన్సిల్ తీసుకునేంత చోటు వదులు.

ఫెర్మా వరుసలో ఆ మొదటి ఐదు కాక మరో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. ఆ మాట ఒక్క వాక్యంలో చెబితే చాలు, సాగదీయొద్దు.

డెడ్‌లైన్ అని టెన్షన్ పడకు. ఆదివారం ఉదయం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఉంటాను. వ్యాసంతో పాటు 193తో నువ్వు చేసిన భాగహారం కాగితం కూడా తీసుకురా, కొట్టివేతలతో సహా.