డాన్స్ చేసే కప్పకు ముప్పు ఎక్కడి నుంచి?

"కొట్టిగెహార డాన్సింగ్ కప్ప ఎందుకు ప్రమాదంలో పడింది? మన పెంచలకోన వాగులో కూడా ఉంటుందా?" అని అడిగారు. రెండోదానికి ముందు చెప్తాను: ఉండదు. ఈ జాతి కప్పలన్నీ పడమటి కనుమల్లోనే. మాది నెల్లూరు దగ్గర, పెంచలకోన ఉండే రాపూరు వైపే గానీ, కర్ణాటకలో ముడిగెరె దగ్గర ఒక కాఫీ ఎస్టేట్‌లో లెక్కలు చూసే ఉద్యోగం చేశాను. కొట్టిగెహార ఆ తాలూకాలోని ఊరే. కాబట్టి ఈ కప్పను కళ్లారా చూశాను.

చాలా చిన్నది, పనివాళ్లు వేలు పెట్టి చూపిస్తే తప్ప కనపడదు. వాగు హోరులో అరుపు ఒక్కటే చాలదు కదా, అందుకని మగకప్ప రాయి మీద కూర్చుని వెనక కాలు బారుగా చాపి, వేళ్ల మధ్య తెల్లటి పొర ఆడిస్తుంది. చూసేవాళ్లకు డాన్స్. నిజానికి అది పక్క మగకప్పకు "నా రాయి జోలికి రాకు" అని చేసే బెదిరింపు!

ఆడకప్ప వాగు అడుగున వెనక కాళ్లతో గుంత తీసి, గుడ్లు పెట్టి పూడ్చేస్తుంది. ఈ జాతిలో ఒక రకం కప్ప పిల్లలు (తోకకప్పలు) ఇసుకలోనే పెరుగుతాయని 2016లో తేలింది. అంటే వాగు అడుగు చెడితే మొత్తం పోయినట్టే. రోడ్డు పనుల మట్టి కొట్టుకొచ్చి గులకరాళ్ల సందులు పూడుతాయి. ఫిబ్రవరి, మార్చిలో కాఫీ పూత కోసం మోటార్లు దించి వాగు నీళ్లు తోడేస్తారు. ఒడ్డున చెట్లు కొట్టేస్తే ఎండ నేరుగా నీళ్ల మీద పడుతుంది. చర్మం తడిగా ఉంటేనే బతికే ప్రాణి అది. వీటిలో ఏదీ కప్పను చంపాలని చేసేది కాదు, అందుకే ఎవరికీ పట్టదు. 2023 నాటి అంచనాలో 24 రకాల డాన్సింగ్ కప్పల్లో 2 అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో, 15 అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని తేలింది.

ఇంకోటి గంబూసియా చేప. దోమలు తగ్గాలని మన వైపు కూడా నీళ్లలో వదులుతారు. అది దోమ లార్వాలతో ఆగదు, తోకకప్పలనూ తింటుంది. చెరువులో, గుంటలో వదిలినా వరదొస్తే వాగుల్లోకి పోతుంది.

మన కోనలో ఉండేవి వేరే కప్పలు. అక్కడ వాగులో స్నానాలు చేసి వదిలేసే సబ్బులు, షాంపూ ప్యాకెట్ల సంగతి మీకు తెలిసిందే. వానలు పడకపోతే కప్పలకు పెళ్లి చేసి ఊరేగించేది మళ్లీ మనమే!

డాన్స్ చూడాలనుంటే పెద్ద వానలు తగ్గాక, అక్టోబర్ దాటాక ముడిగెరె వైపు వెళ్లండి. ఒడ్డునే కూర్చుని చూడండి, వాగులోకి దిగొద్దు. అడుగున గుడ్లుంటాయి.