పెద్ద కంపెనీని చట్టం ఆపగలదా?

ప్రశ్న: నేను ఒక పెద్ద ఆన్‌లైన్ వేదికలో సంచులు అమ్ముతాను. ఇప్పుడు వాళ్లే అచ్చం అలాంటివి తెచ్చి, ఎవరైనా వెతికితే తమవి పైన, నావి ఎక్కడో మూడో పేజీలో చూపిస్తున్నారండీ. చాలా టెన్షన్‌గా ఉంది. చట్టం ఏమైనా చేస్తుందా?

జవాబు: చేస్తుంది, కానీ ఆలస్యంగా. పెద్దగా ఎదగడం తప్పు కాదు, ఆ బలంతో పోటీదారుల దారి మూసేయడం తప్పు. అమెరికాలో 1890 నాటి షెర్మన్ చట్టం, భారత్‌లో 2002 నాటి కాంపిటీషన్ చట్టంలోని 4వ సెక్షన్ పుట్టింది ఇలాంటి వాటి కోసమే. మీ గొడవకు దగ్గరి కేసు ఒకటుంది: గూగుల్ తన షాపింగ్ సర్వీసును పైన పెట్టి, పోటీ సర్వీసులను కిందికి నెట్టిందని యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్ 2017లో 242 కోట్ల యూరోల జరిమానా వేస్తే, అక్కడి అత్యున్నత న్యాయస్థానం దాన్ని సమర్థించేసరికి 2024 వచ్చింది. ఏడేళ్లు! ఈలోపు మూతపడ్డ చిన్న వ్యాపారాలను ఆ జరిమానా తిరిగి తెరిపించదు, నాకు కోపం తెప్పించేది అదే.

మీరు మాత్రం రోజూ అదే పదంతో వెతికి, తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, పక్కనే ఆ రోజు అమ్మకాలు రాసిపెట్టుకోండి. ఆ మార్కెట్లో వాళ్లదే పెత్తనమని ముందు తేలాలి, కాబట్టి మీలాంటి మరికొందరు అమ్మకందార్లతో కలిసి కాంపిటీషన్ అధికారులకు ఫిర్యాదు చేయండి.