అల్లుడి గురక గురించి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

అల్లుడి గురకకు తాళలేక పక్క గదిలో పడుకుంటున్నానని రాశావు. రెండు మూడు రాత్రులు ఓర్చుకుని మళ్లీ అక్కడే పడుకో. గురక ఎంత గట్టిగా ఉందని కాదు, మధ్యలో ఆగుతోందా అని విను. ఠక్కున ఆగి, ఛాతీ ఎగసిపడుతున్నా గాలి ఆడక, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఊపిరి లాగుతున్నాడంటే అది ఉట్టి గురక కాదు, స్లీప్ ఆప్నియా కావచ్చు. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు ఆగినా డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, కానీ పొద్దున అతనికేమీ గుర్తుండదు. అందుకే ‘నేను హాయిగానే పడుకున్నాను’ అంటే నమ్మకు. ఫోనులో రికార్డు చెయ్యి. డాక్టరుకూ వినిపించవచ్చు, మొగుడి నోరూ మూయించవచ్చు!

పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, చీటికిమాటికి చిరాకు కూడా గమనించు. టీవీ ముందు కునుకు తీస్తే తీయనీ, స్టీరింగు ముందు కునుకే నా భయం. పరీక్ష అయ్యేదాకా దూరప్రయాణాలకు కారు తాళాలు ఇవ్వకు.

మూడు రకాల మాత్రలు వేసుకున్నా బీపీ దిగడం లేదన్నావు కదా, నాకు అసలు అనుమానం అక్కడే వచ్చింది. రాత్రంతా ఆక్సిజన్ పడుతూ లేస్తూ ఉంటే బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పవచ్చు, పక్షవాతం ముప్పూ ఎక్కువవుతుంది. లావుగా లేడు కదా అని తోసిపుచ్చకు. దవడ చిన్నదైనా ఇది వస్తుంది. మద్యం, నిద్రమాత్రలు గొంతును ఇంకా సడలిస్తాయి, అవి మాన్పించు.

ఊపిరితిత్తుల డాక్టరును కలిసి నిద్ర పరీక్ష అడగండి. కొందరికి ఇంట్లోనే చేస్తారు. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో లెక్క వస్తుంది. 5 లోపు మామూలు, 30 దాటితే తీవ్రం. సీప్యాప్ అనే గాలి యంత్రం పెట్టమంటే బెదరవద్దు. మాస్కులోంచి వచ్చే గాలి ఒత్తిడి గొంతును తెరిచి ఉంచుతుంది, అంతే. మొదటి వారం విసుక్కుంటాడు. మాస్కు కొలత సరిపోకపోతే మార్పించండి, మూలన మాత్రం పడేయనివ్వకు.

అన్నట్టు, చిన్నవాడు నోరు తెరుచుకుని పడుకుంటాడన్నావు. గురక కూడా ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించు. పిల్లల్లో టాన్సిల్స్, ముక్కు వెనకుండే అడినాయిడ్లు పెరిగినా ఇదే ఇబ్బంది వస్తుంది.

మీ పెద్దమ్మ